డెల్టాలో తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ: ఎస్‌ఎంపీఎస్ నుంచి మొదలుపెట్టండి

షాపులోకి అడుగుపెట్టగానే "ఐ5 వెయ్యమంటారా, ఐ7 వెయ్యమంటారా అండి?" అని బేరం మొదలవుతుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్ల క్యాబినెట్ అన్నీ అయ్యాక చివర్లో మిగిలిన డబ్బుతో ఏదో ఒక ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును పీసీ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పవర్ సప్లై) బిగించి ఇచ్చేస్తారు. కరెంటు నిలకడగా ఉండే చోట అది కొన్నాళ్లు నెట్టుకొస్తుందేమో గానీ గోదావరి డెల్టాలో కష్టం. ఉండి, ఆకివీడు వైపు చెరువుల్లో ఏరియేటర్లు వేసే వేళకు ఇంట్లో లైట్లు మసకబారే ఊళ్లున్నాయి. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పు గాలి. రోహిణి కార్తెలో రేకుల గది పొయ్యి, వానాకాలంలో గోడల నిండా చెమ్మ. అందుకే ఇక్కడ ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఆ తర్వాతే ప్రాసెసర్.

మానిటర్, యూపీఎస్ పక్కన పెట్టి ఒక్క సీపీయూ డబ్బాకే 60 వేలు అనుకుందాం. అందులో గ్రాఫిక్స్ కార్డుకు 22 నుంచి 24 వేలు, ప్రాసెసర్‌కు 9 నుంచి 11 వేలు, మదర్‌బోర్డుకు 6 నుంచి 8 వేలు, ఎస్‌ఎంపీఎస్‌కు 4 వేల పైన, క్యాబినెట్‌కు 3 వేలు కేటాయించి, మిగిలింది ర్యామ్‌కీ ఎస్‌ఎస్‌డీకీ ఉంచండి. 2025 చివర్లో ర్యామ్ ధరలు అమాంతం ఎగిశాయి, కాబట్టి మొదట కనుక్కోవాల్సింది ర్యామ్ ధరే. లెక్క తప్పితే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగండి, ఎస్‌ఎస్‌డీ సగానికి తగ్గించండి. ఎస్‌ఎంపీఎస్ మీద మాత్రం చెయ్యి వెయ్యకండి.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే వాట్లను పట్టించుకోవద్దు. పక్కన అంటించిన లేబుల్‌లో రెండు చోట్ల చూస్తే చాలు.

మొదటిది 12 వోల్టుల వరుస. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తాగేది అక్కడి కరెంటే. యాంప్స్‌ని 12తో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. మంచి 550 వాట్ల సప్లైలో ఆ వరుసలో 42, 45 యాంప్స్ వరకు ఉంటాయి, అంటే 500 వాట్ల పైమాటే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే రకంలో పైన 450 అని కొట్టి, 12 వోల్టుల దగ్గర 16 యాంప్స్ అని ఉందనుకోండి. 16ని 12తో గుణిస్తే 192. దాని మీద గేమింగ్ కార్డు పెడితే గేమ్ తెరిచిన ఐదు నిమిషాలకు పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అలా అయినా అదృష్టమే. కొన్ని సప్లైలు పోతూ పోతూ బోర్డునీ, కార్డునీ వెంట తీసుకుపోతాయి.

రెండోది ఏసీ ఇన్‌పుట్ వరుస. దీన్ని ఎవరూ చూడరు, మనకు ముఖ్యమైనది ఇదే. కొన్ని మోడళ్ల మీద 100–240 వోల్టులు అని ఉంటుంది, కొన్నింటి మీద 200–240 అని ఉంటుంది. ఒకే కంపెనీలో రెండు రకాలూ ఉంటాయి. సాయంత్రం మీ ఇంట్లో 180కి పడిపోతుంటే రెండో రకం నమ్మకంగా పనిచేయదు, లోడ్ పెరిగిన క్షణాన ఆరిపోతుంది. మొదటి రకం 150 దగ్గర కూడా తట్టుకుంటుంది. కొనే ముందు నాలుగైదు రోజులు రాత్రి ఏడు, పది గంటల వేళ మల్టీమీటర్‌తో ప్లగ్ దగ్గర వోల్టేజి చూసి రాసుకోండి. మీటర్ లేకపోతే ఊళ్లో ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది.

ఎంత వాటేజీ కావాలో లెక్క తేలికే. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ పూర్తి లోడ్‌లో 76 వాట్లు, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో 50. మొత్తం 260 దగ్గర ఆగుతుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న 550 వాట్ల సప్లై దీనికి ధారాళంగా సరిపోతుంది, రేపు కార్డు మార్చినా పనికొస్తుంది. 750, 850 అని ఎక్కించుకోవడం దండగ.

యూపీఎస్, ఇన్వర్టర్, ఎర్త్

600 వీఏ యూపీఎస్ మీద 360 వాట్లు అని చిన్నగా రాసి ఉంటుంది. పైన చెప్పిన పీసీ, మానిటర్ కలిస్తే 290 దాకా వెళ్తుంది. ఆఫీసు పనికి చాలు గానీ గేమ్ మధ్యలో కరెంటు పోతే బీప్‌మని అరిచి చేతులెత్తేస్తుంది. 1000 లేదా 1100 వీఏ, 600 వాట్లకు తగ్గకుండా ఏవీఆర్ ఉన్నది తీసుకోండి. ఏవీఆర్ అంటే వోల్టేజి కాస్త తగ్గినా పెరిగినా బ్యాటరీ వాడకుండానే సర్దేది. మన దగ్గర దాని పనే ఎక్కువ.

యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు తక్కువ ధర యూపీఎస్ ఇచ్చే మెట్లమెట్ల తరంగం పడదు. మెయిన్ పోగానే యూపీఎస్ బాగానే ఉంటుంది, పీసీ మాత్రం ఆరిపోతుంది. లోడ్‌కి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. కొన్న వారంలోనే గేమ్ నడుస్తుండగా గోడ స్విచ్ ఆపి చూడండి. ఆరిపోతే షాపువాడితో అప్పుడే మాట్లాడాలి, ఆరు నెలల తర్వాత కాదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, అది చాలదా? సైన్‌వేవ్ (మెయిన్ లాగే నునుపైన తరంగం ఇచ్చే) రకమైతే, దానికి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే చాలావరకు చాలుతుంది. మామూలు మోడ్‌లో మెయిన్ నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్ సెకనులో అరవయ్యో వంతు సేపు మాత్రమే కరెంటు లేకుండా ఊపిరి బిగబట్టగలదు. ఇందులో ఒక మెలిక ఉంది. యూపీఎస్ మోడ్‌లో మెయిన్ వోల్టేజి 180 ఆ చుట్టుపక్కలకు దిగిందంటే ఇన్వర్టర్ బ్యాటరీ మీదకు పోతుంది. లో వోల్టేజి ఊళ్లో రోజూ సాయంత్రం ఇదే జరిగి, నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీ ఖాళీ. అలాంటి చోట ముందు స్టెబిలైజర్, తర్వాత యూపీఎస్, ఆ తర్వాత పీసీ అన్న వరస పెట్టుకోండి. స్క్వేర్ వేవ్ పాత ఇన్వర్టర్ మీద గేమింగ్ పీసీ వద్దు.

క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందనుకుని మార్చేస్తారు చాలామంది. ఎర్త్ లేకపోతే సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా మెయిన్‌లో సగం వోల్టేజి ఆ ఇనుము మీదకు వస్తుంది. కరెంటు స్వల్పమే గానీ యూఎస్‌బీ పోర్టులకూ, హెచ్‌డీఎమ్‌ఐకీ మంచిది కాదు. డెల్టా నేలలో తడికి కొదవ లేదు కాబట్టి ఎర్త్ గొయ్యి బాగానే పనిచేస్తుంది. అసలు లోటు ఎక్కడంటే, గొయ్యి నుంచి ప్లగ్ దాకా తీగ లాగి ఉండదు. మీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి, రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఎర్త్ పైపు తుప్పు పట్టి తీగ ఊడిపోయి ఉంటుంది, అదీ చూడండి. ఉరుములప్పుడు పవర్ ప్లగ్‌తో పాటు ల్యాన్ తీగ కూడా పీకెయ్యాలి. స్తంభాల మీదుగా తీగ లాగి నెట్ ఇచ్చిన ఇళ్లలో పిడుగు ఎక్కువగా ఆ దారినే వస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు

ఇక అసలు ఆట. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద ఆడేవాళ్లకు 8 జీబీ కంటే తక్కువ మెమరీ ఉన్న కొత్త కార్డు కొనొద్దు. పెద్ద కథల గేముల్లో 4 జీబీ నిండిపోయి బొమ్మ తడబడుతుంది.

2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 పాతదే అయినా, దొరికినంత కాలం ఈ బడ్జెట్‌కు మంచి బేరం. 8 జీబీ, ఒక్క 8 పిన్ తీగ, తక్కువ వేడి. ఇంకాస్త పెట్టగలిగితే ఆర్‌టీఎక్స్ 4060 లేదా 5060, ఆర్‌ఎక్స్ 7600. 4060 తాగేది 115 వాట్లే, వేడి గదికి అదొక సుఖం. ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ ఉంది, కానీ రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యగలిగిన బోర్డు లేకపోతే దాన్ని కొని లాభం లేదు. పాత సిస్టమ్‌లో వేద్దామనుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా కనిపిస్తుంది. అది నాలుగు పీసీఐఈ లేన్ల (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారుల) మీదే నడుస్తుంది. మూడో తరం పీసీఐఈ బోర్డులో పెడితే దారి సగానికి ఇరుకై, 4 జీబీ మెమరీ నిండిన గేముల్లో స్పీడు దారుణంగా పడిపోతుంది. 6600కి ఎనిమిది లేన్లున్నాయి, పాత బోర్డులో పెట్టినా పోయేది కొంచెమే. ఆర్‌టీఎక్స్ 3050 విషయంలో 8 జీబీదీ 6 జీబీదీ పేరు ఒకటే, కార్డులు వేరు. 6 జీబీది 70 వాట్లది, బలం తక్కువ. బిల్లు మీద ఎన్ని జీబీలో రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 పేరుతో తిరిగేవి చాలావరకు 2048 ఎస్‌పీ (2048 షేడర్లు, అంటే బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు ఉన్న) రకం, అంటే 580 ముసుగులో ఉన్న 570. మైనింగ్‌లో రాత్రింబగళ్లు మగ్గినవే వాటిలో ఎక్కువ. పాత కార్డు ఏదైనా డబ్బిచ్చే ముందు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో పేరు, షేడర్ల సంఖ్య సరిపోల్చండి, కార్డుకు పూర్తి లోడ్ పెట్టే ఫర్‌మార్క్ పరీక్ష పదిహేను నిమిషాలు నడపండి. ఫ్యాన్ గరగరలాడినా, తెర మీద చుక్కలు పడినా, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) వేడి 100 డిగ్రీలు దాటినా వెనక్కి ఇచ్చెయ్యండి. సముద్రపు ఊరి నుంచి వచ్చిన కార్డైతే వెనక స్క్రూలు, హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు చుట్టూ ఉన్న లోహం చూడండి. అక్కడ ఆకుపచ్చ మరకలో, తుప్పో ఉందంటే లోపలా అదే.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్

ఆరు కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (అవి ఒకేసారి నడిపే పనులు) చాలు. రైజెన్ 5 5600, ఐ5-12400ఎఫ్ రెండూ ఆ కొలతకు సరిపోయేవే, మీ ఊళ్లో ఏది చవగ్గా వస్తే అది. మరీ ఇరుకైతే నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద బరువేస్తాయి, జీటీఏ 5 నుంచి మొదలయ్యే పెద్ద కథల గేములు కార్డు మీద. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌ని ఎమ్యులేటర్‌లో (ఫోన్ గేముల్ని పీసీలో నడిపే సాఫ్ట్‌వేర్) ఆడేవాళ్లకు బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగులు) వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉండాలి, లేకపోతే ఎంత ప్రాసెసరైనా నత్తనడకే.

పేర్లలో చివరి అక్షరాలు చూసుకోండి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల డిస్‌ప్లే ఉండదు. రైజెన్ 5600లో డిస్‌ప్లే లేదు, 5600జీలో ఉంది. ఇప్పుడు కార్డుకు డబ్బు చాలక ఆర్నెల్ల తర్వాత కొనేవాళ్లకు 5600జీ పనికొస్తుంది, అయితే దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 5600లో సగం, పీసీఐఈ మూడో తరం. క్యాష్, పీసీఐఈ విషయంలో రైజెన్ 5 5500 కూడా అదే కోవలోది, కానీ దాంట్లో డిస్‌ప్లే లేదు.

5600కి బీ550 బోర్డు మేలు. బీ450 తక్కువకు వస్తే తీసుకోవచ్చు, కాకపోతే పాత స్టాక్ అయితే బయాస్ అప్‌డేట్ చెయ్యందే 5600ని గుర్తించదు. "అప్‌డేట్ చేసి, ఆన్ చేసి చూపించండి" అని షాపులోనే అడగండి. 12400ఎఫ్‌కి హెచ్610 చాలు, కానీ బోర్డు డీడీఆర్4దా డీడీఆర్5దా అన్నది ముందే తేల్చుకోవాలి. ఒక దాని ర్యామ్ ఇంకో దాంట్లో పట్టదు. ఏ బోర్డైనా ప్రాసెసర్ పక్కన వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు కరెంటు సర్ది ఇచ్చే భాగం) మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉన్నదే ఎంచుకోండి, మన మే నెలకు అది కావాలి.

ఇంటెల్ బోర్డు కొంటే కౌంటర్ దగ్గరే సాకెట్ మూత తీయించి, ఫోన్ టార్చ్ వేసి పిన్నులు చూడండి. ఒక్కటి వంగి ఉన్నా ఇంటికి తెచ్చాక వారంటీ రాదు.

16 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా కాకుండా 8 జీబీ ముక్కలు రెండు తీసుకోండి. ఒకే ముక్క అయితే దారి సగం మూసినట్టే, ఫ్రేములు పడిపోతాయి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగులో పెట్టాలి. 3200 అని రాసిన ర్యామ్ మామూలుగా తక్కువ వేగంతోనే లేస్తుంది, బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తేనే 3200. షాపులో బిగించి ఇచ్చిన పీసీల్లో కూడా ఇది ఆఫ్‌లోనే ఉంటుంది చాలాసార్లు.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం 500 జీబీ కనీసం. జీటీఏ 5 ఒక్కటే 100 జీబీ దాటుతుంది కాబట్టి 1 టీబీ అయితే హాయి. అదే సన్న పట్టీ (ఎం.2) ఆకారంలోనే సాటా అనే పాత రకం కూడా వస్తుంది, వేగం చాలా తక్కువ. పేరు చదివి కొనండి.

క్యాబినెట్

ముందు అద్దం ఉన్నది అందం, జాలీ ఉన్నది ఆరోగ్యం. ముందు నుంచి రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తొయ్యాలి. జాలీ వెనక దులుపుకోవడానికి వీలుగా ఊడొచ్చే ఫిల్టర్ ఉండాలి. తొలకరి వానలు పడగానే ఉసిళ్లు వస్తాయి చూశారా, వాటికి ఆర్‌జీబీ లైట్లంటే పెళ్లి పిలుపే. ఫిల్టర్ లేని ఫ్యాన్ వాటిని లోపలికి లాగి హీట్‌సింక్ నిండా రెక్కలు పేరుస్తుంది. వాడని స్లాట్ల కంతలు రేకుతో మూసెయ్యండి, బల్లులు దూరేది వాటిలోంచే.

కార్డు పొడవు, క్యాబినెట్ లోపలి కొలత రెండూ మిల్లీమీటర్లలో వెబ్‌సైట్లో ఉంటాయి, సరిచూడండి. పీసీని నేల మీద కాకుండా అడుగు ఎత్తు బల్ల మీద, చెమ్మ గోడకు జానెడు దూరంలో పెట్టండి. వానాకాలంలో ఆడకపోయినా రెండు మూడు రోజులకోసారి గంట సేపు ఆన్ చేసి ఉంచితే ఆ వేడికి చెమ్మ పోతుంది. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని. ప్లగ్ తీసి, ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కండి. మెకానిక్ దగ్గరికి మోసే పీసీల్లో చాలావాటికి ఈ వైద్యం చాలు.

35 వేలే ఉంటే

కొత్తది వద్దు. ఆఫీసుల నుంచి వచ్చిన పాత టవర్ పీసీలు దొరుకుతాయి. షాపుల్లో ఎక్కువగా అంటగట్టేది ఐ5 నాలుగో తరం. దాని జోలికి వెళ్లొద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారిక అనుమతి. విండోస్ 11 మీద వాలరెంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (బోర్డులోని భద్రతా ఏర్పాట్లు) రెండూ కావాలి. కాబట్టి ఐ5-8500 లాంటి ఆరు కోర్లది, అదీ సన్న డబ్బా కాకుండా పూర్తి టవర్ వెతకండి. వీటి ఎస్‌ఎంపీఎస్‌లో చాలాసార్లు కార్డుకు ఇచ్చే పవర్ తీగ ఉండదు, కంపెనీ సొంత కనెక్టర్లు కావడంతో బయటి సప్లై కూడా పట్టదు. అందుకని స్లాట్ నుంచే కరెంటు తీసుకునే 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 గానీ, పవర్ తీగ అక్కర్లేని జీటీఎక్స్ 1650 గానీ వేసుకోవాలి. కొత్త కార్డుల్లో 8 జీబీ కావాలని పైన చెప్పిన మాటకు ఇదొక్కటే మినహాయింపు.

కొనడం, బిగించడం

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం షాపుల ధర, విజయవాడ ధర, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ ధర, ఆన్‌లైన్ ధర నాలుగూ రాసుకుని చూడండి. మూడు నాలుగు వందల తేడా అయితే దగ్గరి షాపే నయం, రిపేర్ వచ్చినప్పుడు మొహం చూసి మాట్లాడతాడు. కార్డు, బోర్డుల సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉందా, హైదరాబాద్ పంపాలా అన్నది ముందే అడగండి. "బిల్లు వద్దంటే జీఎస్‌టీ తగ్గిస్తాం" అన్న చోట ఆగండి. ఆ 18 శాతం మిగిలించుకుంటే మూడేళ్ల వారంటీ పోతుంది. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబర్ ఉండాలి. ఇంపోర్ట్ స్టాక్ అంటే ఇక్కడ వారంటీ లేదనే అర్థం. కొరియర్‌లో వస్తే సీలు కోసే దగ్గర నుంచి వీడియో తీయండి.

బిగించేటప్పుడు బోర్డుని దాని అట్టపెట్టె మీదే ఉంచి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కార్డు పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి. క్యాబినెట్‌లో వేశాక తప్పు వెతకడం కష్టం. ప్రాసెసర్ 8 పిన్ తీగ, కార్డు 8 పిన్ తీగ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకటి కావు. కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది, ప్రాసెసర్‌ది నాలుగు, నాలుగుగా. బలవంతంగా తోయొద్దు. ఒక ఎస్‌ఎంపీఎస్ ఊడొచ్చే తీగల్ని ఇంకో దానికి వాడకండి, కనెక్టర్ పట్టినా లోపలి వరస వేరై ఎస్‌ఎస్‌డీ కాలిపోతుంది. ఏఎం4 (5600 లాంటి రైజెన్‌ల సాకెట్) కూలర్ తీసేటప్పుడు నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా అంటుకుని వచ్చి పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు పీసీ నడిపి వేడెక్కాక, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ తిప్పుతూ తీయండి.

హెచ్‌డీఎమ్‌ఐ తీగ బోర్డుకి కాకుండా కార్డుకి తగిలించండి. 5600 అయితే బోర్డు పోర్టులో పెడితే తెర రాదు, 5600జీ అయితే తెర వస్తుంది గానీ ఇరవై వేల కార్డు ఖాళీగా కూర్చుంటుంది. 100 హెర్ట్జ్ మానిటర్ కొన్నా విండోస్ దాన్ని 60 దగ్గరే ఉంచుతుంది చాలాసార్లు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మార్చాలి. ఆ తర్వాత వేడి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి, తలుపులు తీసి ఉన్న గదిలో మధ్యాహ్నం పూట గంట సేపు గేమ్ ఆడండి. ప్రాసెసర్ 85, కార్డు 80 డిగ్రీల లోపు ఉంటే సరే. దాటితే ముందు ఫ్యాన్లు సరైన వైపు తిరుగుతున్నాయో లేదో, కూలర్ కింది ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. మార్చి ఇచ్చే గడువు ఇంకా ఉన్న రోజుల్లోనే ఈ పరీక్షలన్నీ పూర్తి చేసుకోండి.